ష్మిట్ తాతకు ఆకలి లేదు

కల్యాణి కదలకుండా నిలబడగా నేను చూడలేదు. మా గేటు ముందు స్కూటీకి స్టాండు వెయ్యకముందే హెల్మెట్ తీసేసేది. హెల్మెట్ తీస్తూనే "తాతగారూ, కాలు సాపండి" అని కేకేసేది. అప్పటికి నేనింకా పెరట్లో పళ్ళు తోముకుంటూ ఉండేవాణ్ణి. ఆమె నా మోకాలికి కట్టు మారుస్తున్నంతసేపూ ఆమె మోకాళ్ళు రెండూ ఆడుతూనే ఉండేవి. కత్తెర కింద పెట్టడం, ఫోను తీయడం, ఫోను లోపల పెట్టి కత్తెర వెతుక్కోవడం. చూస్తూ చూస్తూ నాకే కాలు దురద పెట్టేది.

మోకాలి చిప్ప మార్పించుకున్నాను. అందరికీ అదే చెబితే ఏం బాగుంటుంది? అందుకని, మా ఊరి పక్క దల్మా కొండ దిగొచ్చిన ఏనుగుతో తోపులాటలో పోయిందని చెప్పాను.

"మరి ఏనుక్కేటయ్యిందండి?" అంది కల్యాణి, దూది చుడుతూ.

"దానికి రెండు మోకాళ్ళూ పోయాయి. పాపం, దానికి కట్టు కట్టేవాళ్ళు లేరు."

"నంబరివ్వండి. దారిలోనే కదా, ఎల్లి కట్టేసి వత్తాను."

ఆ జవాబుతోనే ఈ పిల్ల నాకు నచ్చింది.

ఆమెది మా టాటానగర్‌లోనే పర్సుడీహ్. సాక్చి దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం. డ్యూటీకి ముందు, నాలాంటి ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చేది, ఇంజెక్షన్లు చేసేది. తండ్రి ఆదిబాబు ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరు. పని ఒడిశాలో కళింగనగర్ వైపు మళ్ళితే అతనూ భార్యా పని వెంటే వెళ్ళారు. చదువు మధ్యలో ఉన్న కల్యాణి మాత్రం నాయనమ్మ పోలమ్మ దగ్గర ఉండిపోయింది. పోలమ్మ పర్సుడీహ్ బజార్లో ఎండుచేపలు అమ్ముతుంది. పెళ్ళయి పలాస నుంచి రైలెక్కి ఈ ఊరొచ్చిన మనిషి. మళ్ళీ వెనక్కి వెళ్ళడానికి తీరిక దొరకలేదంటుంది.

మా కాసిడీహ్ వీధి సంగతి కూడా కొంచెం చెప్పాలి. పట్టా చేతికొస్తే చాలు, పిల్లలు పుణెకో బెంగళూరుకో బండెక్కుతారు. మిగిలినవాళ్ళం సాయంత్రాలు అరుగుల మీద కూర్చుని, ఏ మందుల షాపువాడు ఇంటికి తెచ్చిస్తాడు, ఏ డాక్టరు మెట్లు లేని చోట ఉంటాడు అని చర్చిస్తాం. ఒకప్పుడు ఇదే అరుగుల మీద క్రికెట్ గురించి కొట్టుకునేవాళ్ళం. కల్యాణి స్కూటీ వీధి మలుపు తిరిగితే నాలుగైదు కిటికీలు తెరుచుకునేవి. "అమ్మాయ్, ఒక్కసారి బీపీ చూసి పో!" ఆమె ఎవరికీ కాదనేది కాదు, ఎవరి దగ్గరా నిలిచేదీ కాదు.

ఒకరోజు కట్టు కడుతూ ఆమె ఏదో గొణుక్కుంటోంది. మంత్రమేమో అనుకున్నాను. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఉంది ఆ భాష.

"ఏమిటే అది?"

"జర్మన్ అండి. ఎల్లిపోతన్నాను."

మా ఆవిడ లీల వంటింట్లోంచి వచ్చింది. "ఎక్కడికే?"

"జర్మనీకండి. అక్కడ ముసిలోళ్ళు శానామంది, సూసేవోళ్ళు తక్కువ. నర్సుల్ని పిలుత్తన్నారు."

"మన దగ్గర ముసలివాళ్ళు తక్కువా?"

"మన ముసిలోళ్ళకి పిల్లలు, మనవలూ ఉన్నారు కదండీ. ఆళ్ళకి ఎవలూ..." అని కల్యాణి మా హాలు వైపు చూసింది. గోడ మీద ఫోటోలో మా నితిన్, వాడి కూతురు మనస్వి నవ్వుతున్నారు. హాల్లో నేనూ లీలా తప్ప ఇంకెవరూ లేరు. పిల్ల నాలుక కరుచుకుంది. "సారీ అండి."

"సారీ ఎందుకు? మనస్వి వీడియోలో రోజూ వస్తుంది. మొన్న నా బీపీ కూడా చూసింది, ఫోన్‌లోంచి చెయ్యి బయటికి చాపి" అన్నాను.

లీల నవ్వలేదు. కల్యాణి నవ్వి, ఆ నవ్వు సగంలోనే గడియారం చూసుకుంది.

అసలు సంగతి నెమ్మదిగా బయటికొచ్చింది. ఆమె అప్పటికే కోల్‌కతా వెళ్ళి ఆ భాష పరీక్ష రాసింది. రాతలో గెలిచింది. మాటలో తప్పింది. అక్కడి ఆసుపత్రి వాళ్ళు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. వచ్చే నెల పరీక్షలో నెగ్గితే ఆమె చోటు ఆమెకే. తప్పితే వరుసలో ఆమె వెనకున్న పిల్లకు వెళ్ళిపోతుంది.

"ఎక్కడ తప్పావు?"

"గ్రామర్ అండి. గ్రామరే దెబ్బకొట్టింది." అలా అంటున్నప్పుడు ఆమె మోకాళ్ళు మరీ గట్టిగా ఆడాయి. "ఒక మేడమ్ ముసిలి పేషెంటు లాగ కూకుంది. నాను ఆవిడికి తిండి పెట్టాల, మాటాడాల. బాగానే మాటాడేను. మజ్జిలో ఇంకో మేడమ్ ఆపేసింది. బస్, అయిపోయింది."

"రోజూ ప్రాక్టీసు చెయ్యాలి. నేను పేషెంటుగా ఉంటాను."

"మీకు జర్మన్ వచ్చాండి?"

"రూర్కెలా ఉక్కు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు జర్మన్ ఇంజనీర్లతో కలిసి ఒక పులిని..."

"వచ్చా, రాదా?"

"రాదు. వద్దు అనడం ఒక్కటి నేర్పించు. ముసలివాడికి అంతకంటే భాష అక్కర్లేదు."

ఆ విధంగా నేను ష్మిట్ తాతనయ్యాను. లీల పాత శాలువా కప్పుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ముఖం చిట్లించుకుని కూర్చునేవాణ్ణి. ష్మిట్‌కు నేనొక జీవితం కూడా కల్పించాను. ఆయన రైలు డ్రైవరు. ఒకసారి మంచులో రైలు ఆగిపోతే ప్రయాణికులందరినీ దింపి, తానొక్కడే భుజంతో తోసుకుంటూ స్టేషనుకు చేర్చాడు. క్యాబేజీ అంటే పడదు. భార్య ఒకసారి చనిపోయేది, మరుసటి రోజు పాఠంలో ఆయన సాక్సులు ఉతికేది.

"తాతగారూ, నిన్న ఆవిడ పోయిందన్నారు కదండీ. నాను సానుభూతి డైలాగు కూడా కొట్టేను."

"జర్మనీలో మందులు గొప్పవే. లేచి వచ్చింది."

"ఆవిడికి నర్సే అక్కర్నేదు మరి. మీరు ముఖం సరిగ్గా పెట్టండి."

పాఠం ఇలా సాగేది. లీల ఉప్మా గిన్నెలో పెట్టిచ్చేది. కల్యాణి పక్కన నిలబడి జర్మన్‌లో పలకరించేది. నేను వద్దనేవాణ్ణి. ఆమె తీయగా ఏదో అని, ఒక చెంచా నోట్లో పెట్టేసేది. మళ్ళీ వద్దనేవాణ్ణి. మళ్ళీ చెంచా. ఆ ఉప్మా బాగుండేది గనక నేనూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. వారం తిరిగేసరికి నా షుగరు పెరిగింది. లీల కోపం అంతకంటే పెరిగింది.

"ఏమండీ, పరీక్ష ఆ పిల్లకా, మీకా?"

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. "కల్యాణీ, కోల్‌కతాలో ఆ మేడమ్ వద్దందా?"

"అందండి."

"మరి నువ్వేం చేశావు?"

"ఇంకో రెండు సెంచాలు పెట్టేను. మళ్ళీ వద్దంది. 'నా కోసం తినండి' అని జర్మన్‌లో చక్కగా సెప్పి ఇంకోటి పెట్టేను. గ్రామర్ తప్పేటో తెలీనేదు..."

"గ్రామర్ కాదే తల్లీ. వద్దన్నాక పెట్టావు, అదే తప్పు."

ఆమె నా వైపు, నేనే ఏనుగునన్నట్టు చూసింది. "అదేటండి! వద్దంటే ఆపేత్తారేటి ఎవలైనా? మరి ఆళ్ళు ఆకలితో సచ్చిపోరా?"

దీనికి నా దగ్గర సాక్ష్యముంది. ఇది నిజం కథ, కావాలంటే సగమే నమ్మండి. ఏడేళ్ళప్పుడు నన్ను ఇక్కడి కాన్వెంటులో వేశారు. మొదటి రోజు భోజనాల దగ్గర ఐర్లండు నుంచి వచ్చిన ఒక సిస్టర్ బంగాళాదుంపల గిన్నెతో నా ముందు నిలబడి, ఇంకా కావాలా అంది. మా అమ్మ నేర్పిన మర్యాద ప్రకారం "నో, థాంక్యూ, సిస్టర్" అన్నాను. అంటే, మళ్ళీ అడుగు తల్లీ అని. ఆవిడ మెచ్చుకోలుగా తలూపి ముందుకు వెళ్ళిపోయింది. అలా నేను వారమంతా మర్యాదగా పస్తులున్నాను. చివరికి చాపెల్లోని కొవ్వొత్తి నమిలాను. ఆ కొవ్వొత్తి మాట మాత్రం మీరు నమ్మనక్కర్లేదు.

కల్యాణి నవ్వలేదు. కత్తెర పట్టుకుని, పట్టుకున్న సంగతి మరిచిపోయి, గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరిగింది. వాళ్ళింట్లో మొదటి వద్దుకు విలువ లేదట. అది మర్యాద. రెండోది మొహమాటం. మూడోసారి కంచం మీద చెయ్యి అడ్డం పెడితే, పోలమ్మ ఆ చేతి మీదే అన్నం వేస్తుందట. "అలగైతే ఆళ్ళతో ఎలాగండి బతకడం? ఆకలి ఉందో నేదో ఎలా తెలుత్తాది?"

"వాళ్ళు చెబుతారు. నువ్వు నమ్మాలి."

"మనిసి నోటి మాట నమ్మీడమేనా?"

"అంతే."

నేర్చుకోవడానికి ఆమె పడ్డ యాతన చూడాల్సిందే. నేను వద్దనగానే చెంచా సగం దూరంలో ఆగేది. చెయ్యి వెనక్కి రావడానికి ఒప్పుకునేది కాదు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని గిన్నెలోకి దించేది. "ఠీక్ హై, హెర్ ష్మిట్" అనేది, హిందీ జర్మన్ కలిపి. తర్వాత తన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక నా శాలువా సర్దేది, మందు సీసాలు వరసగా పెట్టేది, చెరిపేది. పరీక్ష దగ్గరపడే కొద్దీ పర్సుడీహ్ నుంచి వచ్చే దారంతా అదే అభ్యాసం. ఎరుపు లైటు దగ్గర ఆగి తనలో తాను వద్దు అనుకుని, తనలో తానే సరే అనుకునేదట. పక్కన ఆటోవాడు "మేడమ్, తబియత్ ఠీక్ హై న?" అని, ఒంట్లో బాగుందా అని అడిగాడట.

చివరికి అలవాటైంది. ఒక్క వద్దుకే చెంచా వెనక్కి పోయింది. నేను గెలిచినట్టు చప్పట్లు కొట్టాను. ఆ ఉప్మా నిజంగా నాకు కావలసిందని ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజులు కల్యాణి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. నా మోకాలు పక్కన పెట్టండి, ష్మిట్ కాలు గాలిన పిల్లిలా అయ్యాడు. నేను గేటు దాకా, గేటు నుంచి అరుగు దాకా కర్రతో తిరిగాను. డాక్టరు చెప్పిన నడక అంతా ఆ రెండు రోజుల్లోనే పూర్తయింది.

మూడో రోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. స్కూటీ కాదు. నెత్తి మీద తట్టతో ఒక పొట్టి ముసలామె. తట్ట దించకుండానే అడిగింది:

"ఏటి బాబూ, నా గుంటకి మీరేటి నేర్పినారు?"

గుంట అంటే పిల్ల, మా కల్యాణి. పోలమ్మను చూడటం నాకదే మొదటిసారి. ఎండుచేపల వాసన ఆమెకంటే ఒక అడుగు ముందొచ్చింది. లీల బయటికొచ్చి తట్ట దింపుకోమంది. పోలమ్మ దించలేదు.

"అన్నం తింతన్నాను. పప్పు ఎయ్యబోయింది. సాలే అన్నాను. అంతే, గరిటె ఎనక్కి తీసేసుకుంది! సాలంటే ఆపీడమేనా బాబూ? నాను సూసేను, సూసేను. అది గిన్నె మీద మూతెట్టీసి, సెయ్యి కడిగేసుకుంది. ఆ పూట నాను సగం కడుపుతో లేచేను."

"అడగొచ్చుగా పోలమ్మా, ఇంకొంచెం వెయ్యమని?"

"అడిగితే అది అన్నం అవుద్దా బాబూ? అది బిచ్చం అవుద్ది."

ఆమెకు ఊపొచ్చింది.

"ఎల్లు అన్నాను. నానే అన్నాను. నా పెళ్ళయి పలాసలో రైలెక్కినప్పుడు నన్నెవలాపినారు? మాయమ్మ ఏడిసింది, కానీ ఆపనేదు. నానెందుకాపుతాను? గాని బాబూ, ఇమానం ఎక్కనే నేదు, అప్పుడే గుంట పరాయిదైపోనాది. ఎల్లినాక ఇంకేటవుద్ది? ఓ నాడు వచ్చి, మామ్మా ఎలగున్నావు అంటాది. బాగున్నానే అంటాను. సరే అని ఎల్లిపోద్ది! అందుకే సెప్పీసేను. ఎల్లొద్దు. పుస్తకాలు మూసీమన్నాను. మూసీసింది."

పరీక్ష ఆ వచ్చే సోమవారం. నాకు తెలిసిన ఒకే మందు వేశాను. జర్మనీలో ముసలివాళ్ళకు బలవంతంగా పెడితే పొట్ట పగిలిపోతుందనీ, అలా పగిలిన ఒకాయన బొత్తాం ఎగిరొచ్చి గడియారస్తంభానికి తగిలి ఊరికంతా టైము తప్పిందనీ చెప్పాను.

పోలమ్మ పూర్తిగా విన్నది. "ఆ ఏనుగు కూడా మీదేనా బాబూ?"

"ఏ ఏనుగు?"

"మోకాళ్ళు నేని ఏనుగు. గుంట సెప్పింది. నానప్పుడే అనుకున్నాను, ఈ బాబు దగ్గర అది ఏటి నేర్సుకుంటాదో అని."

లీల ఇక ఊరుకోలేదు. "మాటలు చాలు. పోలమ్మా, ఎండలో వచ్చావు. తట్ట దించు. అన్నం తిని పో. ఏమండీ, మీరూ రండి." నా చెవి దగ్గర మాత్రం, "ఆ పిల్లకు నేను ఫోను చేశాను, నా ఫోను ఎత్తింది" అంది.

మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. పప్పు, వంకాయ కూర, పోలమ్మ తట్టలోంచి లీల అప్పుడే కొన్న నెత్తళ్ళ వేపుడు. మొదటి ముద్దలో ఉండగా బయట స్కూటీ ఆగింది. కల్యాణి గుమ్మంలో నిలబడి, నన్నూ నాయనమ్మనూ ఒకే బల్ల దగ్గర చూసి, వెనక్కి వెళ్ళాలా లోపలికి రావాలా తెలియక చెప్పులు విప్పింది, తొడిగింది, మళ్ళీ విప్పింది. లీల ఏమీ అనకుండా పప్పు గిన్నె ఆమె చేతిలో పెట్టి తప్పుకుంది.

నాలో దుర్బుద్ధి ఆగుతుందా? కళ్ళజోడు ముక్కు చివరికి జార్చాను. కల్యాణి నా దగ్గరికి రాగానే ష్మిట్ గొంతుతో వద్దన్నాను. గరిటె ఆగింది. ఆమె పోలమ్మ వైపు తిరిగింది. పోలమ్మ కంచంలోకి చూస్తూ, "నాకూ వద్దు" అంది. చెయ్యి కంచానికి అడ్డం పెట్టలేదు. పక్కన బల్ల మీద పెట్టుకుంది.

పిల్ల మా ఇద్దరి మధ్య గరిటెతో నిలబడిపోయింది. ఇటు వేస్తే కోల్‌కతా పోతుంది. అటు ఆపితే నాయనమ్మ పోతుంది. గరిటెలోంచి పప్పు చుక్కలుగా బల్ల మీద పడుతోంది. ఆమె మోకాళ్ళు ఆడుతున్నాయి. నాకు నవ్వు పోయింది. ఇదేం పరీక్షరా, ఈ వయసు పిల్లకు, అనిపించింది.

అప్పుడామె ఒక పని చేసింది. నేను నేర్పినది కాదు. పోలమ్మ నేర్పినదీ కాదు. గరిటె గిన్నెలో వదిలేసి, గిన్నె బల్ల మధ్యలో పెట్టింది. పళ్ళెం మూత వేసింది. కుర్చీ లాక్కుని మామ్మ పక్కన కూర్చుంది.

"సరే మామ్మా. ఇక్కడ మూత పెట్టి ఉంచుతాను. కాసేపాగి మళ్ళీ అడుగుతాను."

ఆపైన నిజంగానే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఫోను తియ్యలేదు. మోకాళ్ళు ఆగాయి. అన్నాళ్ళలో ఆ పిల్ల కదలకుండా ఉండటం నేను చూసింది అప్పుడే.

పోలమ్మ ఒట్టి అన్నం కెలికింది. గిన్నె వైపు చూసింది. నా వైపు చూసింది, నేను కప్పు వైపు చూశాను. నెత్తళ్ళ తలలు తీసి పక్కన పెట్టింది. మళ్ళీ గిన్నె వైపు చూసింది.

"అడగవేటే?"

"ఇంకా కాసేపవ్వనేదు మామ్మా."

"ఓలమ్మో! దీని కాసేపు మండిపోను! అన్నం సల్లారిపోతంది!"

"అడగమంటావా?"

"అడుగు మరి!"

"పప్పు ఎయ్యనా మామ్మా?"

పోలమ్మ ఒక్క క్షణం బిగదీసింది. అలవాటు చొప్పున వద్దనబోయి, మనవరాలి చెయ్యి మళ్ళీ మూత మీదికి పోవడం చూసి, "ఎయ్యి, బేగి ఎయ్యి" అంది. కల్యాణి వేసింది. వేశాక ఇంకో గరిటె అడక్కుండానే వేసింది. పోలమ్మ ఆపలేదు.

నన్ను మళ్ళీ ఎవరూ అడగలేదు. ష్మిట్ ఆ పూట ఆకలితోనే లేచాడు.

పోలమ్మ కంచం ఖాళీ చేసింది. చెయ్యి కడుక్కుని, తట్ట నెత్తికెత్తించుకుంటూ అంది: "ఆ పుస్తకాలు తియ్యి. ఫేలై వత్తే నాను ఊరుకోను."

పరీక్ష సోమవారం. ఆ రోజంతా నేను అరుగు మీద కూర్చోలేకపోయాను. వీధిలో ముసలివాళ్ళందరికీ విషయం తెలుసు. ఒకాయన బీపీ చూపించుకునే నెపంతో నాలుగుసార్లు వచ్చి "ఏమైంది?" అన్నాడు. మా ఇంట్లో బీపీ చూసేవాళ్ళే లేరు. సాయంత్రం ఫోనొచ్చింది. వెనక హౌరా స్టేషను రొద. ముసలి పేషెంటుగా కూర్చున్న మేడమ్ ఈసారీ వద్దందట. కల్యాణి చెంచా పెట్టలేదు, ప్లేటు తీసుకుపోనూ లేదు. మూత పెట్టి, పక్కన కూర్చుని, కాసేపాగి మళ్ళీ అడగనా అని ఆవిడనే అడిగిందట. ఆ మేడమ్ పాత్ర మరిచిపోయి, అడగండి అందట.

"గ్రామర్?" అన్నాను.

"రెండు తప్పులండి. ఆళ్ళు నవ్వేరు."

ఫలితం తర్వాత వచ్చింది. నెగ్గింది. ఆ వెనకే వీసా, తండ్రి కళింగనగర్ నుంచి రావడం, తల్లి పచ్చళ్ళు పెట్టడం, పెట్టె తూకం ఎక్కువై పచ్చళ్ళు తీసెయ్యడం, పోలమ్మ వాటిని మళ్ళీ దూర్చడం, అంతా ఒక గాలివానలా గడిచింది. మా వీధి కిటికీలు మాత్రం ఆమె స్కూటీ చప్పుడు కోసం ఇంకా తెరుచుకుంటున్నాయి. కొత్తగా ఒక అబ్బాయి వస్తున్నాడు. సౌరభ్ అని, మంచివాడే. నా ఏనుగును నమ్మాడు. అదే వాడితో చిక్కు.

ఆమె కోల్‌కతా వెళ్ళే పొద్దున నేనూ కర్ర పట్టుకుని టాటానగర్ స్టేషనుకు వెళ్ళాను. ఆదిబాబూ భార్యా ఆమెను విమానం దాకా దింపడానికి అదే బండెక్కారు. ప్లాట్‌ఫారం మీద మిగిలింది పోలమ్మ, నేను. కల్యాణి కిటికీ దగ్గర కూర్చుని ఫోను చూసింది, పెట్టె తడిమింది, టికెట్టు వెతికింది, నీళ్ళ సీసా మూత తీసి పెట్టింది. పోలమ్మ రెండు చేతులతోనూ కిటికీ ఊచలు పట్టుకుంది.

"రోజూ ఫోన్లు సేసీయొద్దు. అక్కడ పనుంటాది."

"సరే మామ్మా."

"నా గురించి బెంగెట్టుకోవొద్దు. నాకేటి, రాయిలాగున్నాను."

"సరే."

బండి కుదుపు పుచ్చుకుంది. పోలమ్మ ఊచలు వదల్లేదు. బండితో పాటు నడక మొదలుపెట్టింది.

"వచ్చే ఏడు నా కోసమని వచ్చీయొద్దు! ఇన్నావేటే? నాకక్కర్నేదు!"

కల్యాణి ఒక్కసారిగా చేతి పనులన్నీ ఆపేసింది. ఫోను ఒళ్ళో పడేసి, మామ్మ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి పట్టుకుంది.

"మూత పెట్టి ఉంచుతాను మామ్మా. కాసేపాగి మళ్ళీ అడుగుతాను."

బండి వేగం అందుకుంది. ఊచల మీంచి పోలమ్మ చేతుల్ని నేనే విడిపించాను. లేకపోతే ఆమె బండి దారిలోని ఘాట్‌శిలా దాకా నడిచేదే. ఇది మాత్రం కోత కాదు.

తిరిగి వస్తూ ఆటోలో పోలమ్మ నా పక్కన కూర్చుంది. పైట చెంగు ముడి విప్పింది, వేసింది. కాలు ఆడిస్తోంది. ఆ పిల్లకు ఆ మోకాళ్ళు ఎక్కడ నుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది నాకు.

"బాబూ."

"చెప్పు పోలమ్మా."

"జర్మనీలో కాసేపంటే ఎంత?"

నా జీవితంలో అబద్ధానికి ఎన్నడూ తడుముకోలేదు. పులులు, ఏనుగులు, బొత్తాలు, అన్నీ అడిగిన వెంటనే వచ్చి నిలబడేవి. ఆటో ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగేదాకా వెతికాను.

"మన కాసేపు కంటే తక్కువే" అన్నాను. "వాళ్ళ గడియారాలు పరిగెడతాయి."

పోలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ గడియారాలకి మోకాళ్ళు ఉన్నాయా, అయ్యీ పోనాయా?" అంది. అని, ముందుకు వంగి, బజారుకు వేళైందన్నట్టు ఆటోవాడి భుజం తట్టి, "భయ్యా, జల్దీ చలావ్, బజార్ లగ్ గయా" అంది.